వానపాము పారిపోలేని చోట: ఎరువు తొట్టెలో ఏం వేయకూడదు, ఎందుకు?

పొద్దున్నే బాల్కనీ తలుపు తీసేసరికి గచ్చు మీద ఎర్రటి దారప్పోగుల్లా ఎండిపోయి పడి ఉంటాయి. తొట్టె మూత ఎత్తి చూస్తే లోపలి అంచుల వెంట మరికొన్ని ఉండలు చుట్టుకుని వేలాడుతుంటాయి. ఇంట్లో వర్మీ కంపోస్టు తయారీ మొదలుపెట్టినవారిని మొదటి నెలల్లోనే బెంబేలెత్తించే దృశ్యమిది. ముందు రోజు సాయంత్రం తొట్టెలో ఏం పడిందో గుర్తు చేసుకుంటే కారణం సాధారణంగా దొరుకుతుంది. జాడీ అడుగున మిగిలిన పాత ఆవకాయ, రసం పిండిన పది పదిహేను నిమ్మచెక్కలు, బాగా పులిసిపోయిన ఇడ్లీ పిండి. ఇలాంటివే ఏవో.

ఇవన్నీ ‘తడి చెత్తే’ కదా అన్న సందేహం సహజం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఇంట్లోనే చెత్తను తడి, పొడి, హానికర వ్యర్థాలుగా విడదీయాలని చెప్పాయి. ఆ లెక్కన ఆవకాయ, ఇడ్లీ పిండి నిస్సందేహంగా ఆకుపచ్చ డబ్బాలోకే వెళ్తాయి. మన పట్టణాల చెత్తలో దాదాపు సగం ఇలా కుళ్లే పదార్థమే కాబట్టి దాన్ని ఇంట్లోనే ఎరువుగా మార్చుకోవడం మెచ్చుకోదగ్గ పని. అయితే తడి చెత్త అయినంత మాత్రాన ప్రతిదీ వానపాముకు తిండి కాదు. మున్సిపాలిటీ డబ్బాకు పనికొచ్చేది, వానపాముల తొట్టెకు పనికొచ్చేది ఒకటేనని అనుకోవడం దగ్గరే చాలా తొట్టెలు దెబ్బతింటాయి.

డార్విన్ కుండీల్లో కొవ్వు ముక్కలు

వేయకూడనివాటిని వానపాములు ఇష్టపడవు కాబట్టే వేయకూడదని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. పరిణామ సిద్ధాంతకర్త చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకాన్ని వానపాముల మీదే రాశాడు. అది 1881లో వెలువడింది. అందుకోసం ఆయన మట్టి నింపిన కుండీల్లో వానపాములను ఇంట్లోనే పెంచి, రకరకాల తిండి పెట్టి చూశాడు. ఎర్ర క్యాబేజీ కంటే ఆకుపచ్చ క్యాబేజీనే అవి ఎక్కువగా తిన్నాయి. ఉల్లిపాయ ముక్కలను మట్టిలో పాతిపెట్టినా వెతుక్కుంటూ వెళ్లి తిన్నాయి. పచ్చిమాంసాన్నీ వదల్లేదు. దానికంటే పచ్చికొవ్వు మరింత ఇష్టంగా తిన్నాయి.

మరి మాంసం, కొవ్వు తొట్టెలో వేయవద్దని ఎందుకంటారు? తేడా వానపాము నాలుకలో లేదు, తొట్టెలో ఉంది. పొలంలోనో తోటలోనో ఒకచోట ఘాటైనదో, ఉప్పగా ఉన్నదో, వేడెక్కినదో తగిలితే వానపాము పక్కకు జరుగుతుంది, లేదా లోతుకు దిగుతుంది. అడుగున్నర లోతు ప్లాస్టిక్ తొట్టెలో దానికి ఆ అవకాశం లేదు. ఒక మూల మొదలైన పులుపు రెండు రోజుల్లో తొట్టె అంతా పాకుతుంది. ఇక మిగిలింది మూత కింది సందు, ఆ తర్వాత గచ్చు, ఎండ.

పైగా తొట్టెల్లో పెంచేవి మన పొలం గట్లలో తవ్వితే దొరికే, గాలానికి గుచ్చే ఎర్రలన్నీ కావు. మన దేశంలో ఎక్కువగా వాడేవి ఐసీనియా ఫెటిడా, ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే, మన ప్రాంతానికే చెందిన పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. ఇవి నేల పైపొరలో, కుళ్లుతున్న ఆకుల్లో, పేడ కుప్పల్లో బతికే రకాలు. లోతైన బొరియలు తవ్వుకుని దాక్కునే అలవాటు వీటికి లేదు. ఎక్కడ తిండో అక్కడే కాపురం. అందుకే తొట్టెలో ఏదైనా వేసే ముందు, వానపాము దాన్ని తింటుందా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. దాని ఒంటికి తగిలితే ఏమవుతుంది, అది కుళ్లేటప్పుడు ఏం పుడుతుంది, చివరికి ఎరువులో ఏం మిగులుతుంది అన్నవీ చూడాలి.

చర్మమే ఊపిరితిత్తి

వానపాముకు ఊపిరితిత్తులు లేవు, మొప్పలూ లేవు. జిగురుతో తడిగా ఉండే పల్చటి చర్మం గుండానే గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి చేరుతుంది. ఆ తడి ఆరిపోతే ఊపిరి ఆగినట్టే. కాబట్టి మనం నోటితో రుచి చూసి వదిలేసేదాన్ని వానపాము ఒళ్లంతా పూసుకోవాల్సి వస్తుంది.

ఉప్పు సంగతి ముందు చెప్పుకోవాలి. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే గంటలో ఊట దిగుతుంది కదా. వానపాము ఒంట్లోంచి కూడా నీరు అలాగే బయటికి లాగబడుతుంది. వానపాముల పెంపకంపై దశాబ్దాల పాటు పనిచేసిన శాస్త్రవేత్త క్లైవ్ ఎడ్వర్డ్స్ ఐసీనియా ఫెటిడాకు అనువైన పరిస్థితులను క్రోడీకరించారు. మేతలో ఉప్పు 0.5 శాతం కంటే తక్కువ ఉండాలన్నది అందులో ఒకటి. మనం తినే పప్పు, కూర, సాంబారుల్లో ఉప్పు సాధారణంగా ఆ హద్దుకు దగ్గర్లోనో, పైనో ఉంటుంది. నిల్వ పచ్చళ్లు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల సంగతి చెప్పనక్కరలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తొట్టెలోని నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం పోదు. ఇవాళ కాస్త సాంబారు, ఎల్లుండి కాస్త కూర పడుతూ ఉంటే ఏ ఒక్కరోజూ ప్రమాదం కనిపించదు. మూడు నెలలకు తొట్టె మొత్తం ఉప్పగా తయారవుతుంది. అడుగున రంధ్రాలు లేని తొట్టెల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది.

ఉప్పు ఊహించని దారిలోనూ వస్తుంది. తొట్టె అడుగున పరుపుగా వేసే కొబ్బరి పొట్టు చాలా మంచి పదార్థం, నీటిని బాగా పట్టి ఉంచుతుంది. అయితే తీరప్రాంతాల్లో ఉప్పునీటిలో నానబెట్టిన కొబ్బరి డొక్కల నుంచి వచ్చే పొట్టులో ఉప్పు గణనీయంగా ఉంటుంది. కొన్నాక రెండు మూడుసార్లు మంచినీళ్లతో నానబెట్టి, పిండి, ఆ తర్వాతే వాడటం మేలు.

ఇక ఆవకాయ. ఇందులో ఉప్పు, కారం, ఆవపిండి ఇంచుమించు సమానంగా పడతాయి, పైన నూనె. ఈ నాలుగింటిలో వానపాముకు అసలు సిసలు శత్రువు మనం అంతగా అనుమానించని ఆవపిండి. ఒక పొలంలో ఎన్ని వానపాములున్నాయో లెక్కించాలంటే శాస్త్రవేత్తలు ప్రతిసారీ నేలంతా తవ్వరు. కొలిచి గీసిన గడిలో ఆవపిండి కలిపిన నీళ్లు పోస్తారు. నిమిషాల్లో వానపాములు మెలికలు తిరుగుతూ పైకి వచ్చేస్తాయి. వాటిని ఏరి, శుభ్రమైన నీటిలో కడిగి, లెక్కపెడతారు. ఒకప్పుడు ఇందుకు ఫార్మలిన్ వాడేవారు. అది నేలకూ, మనిషికీ హానికరం కాబట్టి దాని స్థానంలోకి ఆవపిండి వచ్చింది.

దీని వెనకున్న రసాయనశాస్త్రం ఆవపెట్టిన కూర వండిన ప్రతి ఇంట్లోనూ జరిగేదే. గింజగా ఉన్నప్పుడు ఆవకు ఘాటు లేదు. నూరి, తడి తగిలించగానే గింజలోని మైరోసినేజ్ అనే ఎంజైము సినిగ్రిన్ అనే పదార్థాన్ని విడగొడుతుంది. అప్పుడు ఆలైల్ ఐసోథయోసైనేట్ పుడుతుంది. ముక్కుపుటాలు అదిరి కళ్లనీళ్లు తెప్పించేది అదే. పురుగుల నుంచి తనను తాను కాపాడుకోవడానికి ఆవమొక్క సమకూర్చుకున్న ఆయుధమిది. పొలంలో ఆ ఘాటుకు వానపాము పైకి వచ్చి తప్పించుకుంటుంది. తొట్టెలో పైకి వస్తే మూత తగులుతుంది. పాత ఆవకాయే కాదు, జాడీ కడిగిన నీళ్లు కూడా తొట్టెలో పోయకూడదు.

నిమ్మ, బత్తాయి, కమలా తొక్కల విషయంలో పులుపే సమస్య అని సాధారణంగా చెబుతారు. పులుపు ఒక కారణమే. తొట్టె ఆమ్లత్వం 5 కంటే తగ్గితే వానపాములు తట్టుకోలేవు. అంతకంటే తొక్కలోని నూనె ప్రమాదకరం. తొక్కను గిల్లితే చిమ్మే ఆ సువాసన నూనెలో ప్రధానమైనది లిమోనీన్. పెంపుడు జంతువులకు పట్టే గోమార్లను చంపే మందుల్లో దీన్ని వాడతారు. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 1990లో ప్రచురించిన అధ్యయనంలో ఇది ఐసీనియా ఫెటిడా నాడీవ్యవస్థను దెబ్బతీస్తుందని చూపించారు. నిజానికి, పెద్ద తొట్టెలో వారానికి ఒక నిమ్మచెక్క పడితే కొంపలేమీ మునగవు. పులిహోర చేసిన రోజు చెక్కలన్నీ, లేదా జ్యూస్ బండి నుంచి తెచ్చిన బత్తాయి తొక్కల సంచి మొత్తం కుమ్మరిస్తేనే ముప్పు.

పళ్లు లేని జీవి, పులిసే తిండి

వానపాముకు పళ్లు లేవు. కోడికి కందనకాయ ఉన్నట్టే దీని పొట్టలోనూ కండరాల తిత్తి ఒకటుంది. మింగిన ఇసుక రేణువుల సాయంతో తిండి అక్కడ నలుగుతుంది. కాబట్టి వంకాయ తొడిమ వేసిన రోజే దాన్ని వానపాము తినలేదు. ముందు బ్యాక్టీరియా, శిలీంధ్రాలు దాన్ని మెత్తబరచాలి. ఆ మెత్తటి పదార్థాన్ని, దాంతో పాటు ఆ సూక్ష్మజీవులను కూడా వానపాము మింగుతుంది. ఒక రకంగా తొట్టెలో వంట సూక్ష్మజీవులది, భోజనం వానపాములది. వంట వేగం భోజనం వేగాన్ని మించిపోతేనే గొడవ.

వండిన అన్నం, చపాతీ పిండి, ఇడ్లీ పిండి, బ్రెడ్డు ఇలా మించిపోయే జాబితాలోవే. పిండి పదార్థం సూక్ష్మజీవులకు వెంటనే అందుతుంది. అవి విపరీతంగా పెరిగి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అన్నం ముద్ద లోపలికి గాలి ఎలాగూ చొరబడదు. అప్పుడు గాలి అక్కరలేని బ్యాక్టీరియా రాజ్యం మొదలై ఆమ్లాలు, దుర్వాసన వాయువులు పుడతాయి. నూనె, నెయ్యి ఉన్న కూరలైతే రేణువుల చుట్టూ జిడ్డుపొర ఏర్పడి గాలి దారులు మూసుకుపోతాయి. చర్మంతో ఊపిరి పీల్చే జీవికి అంతకంటే కష్టం ఏముంటుంది? ఇలాంటి తొట్టెలో కొన్ని వానపాముల ఒళ్లు అక్కడక్కడా నొక్కుకుపోయి, మధ్యమధ్య ఉబ్బి, పూసల దండలా కనిపిస్తుంది. పెంపకందారులకు ఇది బాగా తెలిసిన లక్షణం. అది కనిపించిందంటే తిండి ఎక్కువై పులిసిందని అర్థం.

మాంసం, చేపల తుక్కు, పాలు, పెరుగు, పగిలిన గుడ్డు సొన వంటివి మరో దారిలో దెబ్బతీస్తాయి. వీటిలో మాంసకృత్తులు ఎక్కువ, అంటే నత్రజని ఎక్కువ. అవి కుళ్లితే అమ్మోనియా వస్తుంది. డార్విన్ కుండీలోని చిన్న కొవ్వు ముక్కకూ, ఆదివారం కోడికూర మిగిలిన గిన్నెకూ పోలికే లేదు. ఈగలు, ఎలుకలు, పిల్లులు తొట్టె చుట్టూ చేరడం దీనికి అదనం. అపార్టుమెంట్లలో వర్మీ కంపోస్టు ఆగిపోయేది చాలాసార్లు వానపాములు చచ్చినందువల్ల కాదు, పక్కింటివారి ఫిర్యాదు వల్ల.

పచ్చి పేడ గురించి మన పల్లెల్లో రైతులకు తెలిసిన విషయం పట్నంలో కొత్తగా మొదలుపెట్టేవారికి తెలియకపోవచ్చు. అప్పుడే తెచ్చిన పేడను కుప్పగా పోస్తే సూక్ష్మజీవుల చర్యతో లోపల వేడెక్కుతుంది, అమ్మోనియా కూడా వెలువడుతుంది. మామూలు కంపోస్టు కుప్ప 55 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఐసీనియా ఫెటిడా 35 డిగ్రీల దగ్గరే చేతులెత్తేస్తుంది. అసలే వేసవిలో నీడలోనే 40 దాటే రామగుండం, విజయవాడ లాంటి చోట్ల దానికి తోడు పచ్చి పేడ, అప్పుడే కోసిన గడ్డి కూడా పడితే తొట్టె పొయ్యి మీద పెట్టినట్టే. పేడను రెండు మూడు వారాలు ఆరుబయట నీడలో పెట్టి, తిరగేస్తూ చల్లారనిచ్చాకే వాడాలి. కోళ్ల పెంటలో యూరిక్ ఆమ్లం వల్ల అమ్మోనియా మరీ ఎక్కువ, ఇంటి తొట్టెకు అది వద్దే వద్దు.

వాసన వస్తోందని కొందరు సున్నం చల్లుతారు, మరికొందరు పొయ్యిలోని బూడిద. ఇక్కడ మంచి చేయబోతే చెడు ఎదురవుతుంది. తొట్టెలో నత్రజనిలో కొంత అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది అంత ప్రమాదం కాదు. సున్నం, బూడిద క్షార పదార్థాలు. క్షారత్వం పెరిగితే అదే అమ్మోనియం ఘాటైన అమ్మోనియా వాయువుగా మారి బయటపడుతుంది. పులుపు తగ్గించడానికి అంతకంటే భద్రమైన వస్తువు వంటింట్లోనే ఉంది. కోడిగుడ్డు పెంకులను కడిగి, ఎండబెట్టి, మెత్తగా పొడిచేసి చల్లితే నెమ్మదిగా కరుగుతాయి. ఆ రేణువులు కండరాల తిత్తిలో తిరగలి రాళ్లలా పనికొస్తాయి కూడా. వాసనకు మొదటి మందు మాత్రం ఎండుటాకులే. కూరగాయల తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో, చింపిన అట్టముక్కల్లో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్లు కర్బనం ఉంటే తొట్టె సాఫీగా నడుస్తుంది. అంత లెక్క ఎవరూ వేయనక్కరలేదు, గుప్పెడు తొక్కలు వేసిన ప్రతిసారీ ఒకటి రెండు గుప్పెళ్ల ఎండుటాకులు కప్పితే చాలు.

అనవసర భయం: వేపాకు

వేయకూడనివాటి జాబితాలు నోటి నుంచి నోటికి పాకుతూ పెరుగుతాయి. వాటిలో కొన్ని నిలవవు. వేపాకే చూడండి. వేప కషాయంతో పురుగులను చంపుతాం కాబట్టి వేపాకు వానపాములనూ చంపుతుందన్న భయం సహజమే. పుదుచ్చేరి విశ్వవిద్యాలయ పరిశోధకులు యూడ్రిలస్ యూజీనియే వానపాములకు వేపాకు మేతగా పెట్టి చూశారు. 2004లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం అవి వేపాకును ఆబగా తినడమే కాదు, మామిడాకు మేసిన వాటికంటే వేగంగా పెరిగి, ఎక్కువగా సంతానోత్పత్తి చేశాయి. ఇది ఆకుకు వర్తించే మాట. వేపనూనె ఒలకబోసి చూడమని దీనర్థం కాదు.

ఉల్లి, వెల్లుల్లి పొట్టు కూడా అంతే. కుప్పగా వేస్తే ఘాటు, రోజువారీ కూరలో వచ్చినంత పొట్టు కుళ్లి మెత్తబడ్డాక వానపాములు తినేస్తాయి. డార్విన్ కుండీల్లో ఉల్లిపాయకు దక్కిన ఆదరణ ఇందాక చూశాం. టీ వడకట్టిన పిప్పి మంచిదే, అయితే పాలు, చక్కెర పోయేలా ఒకసారి కడగాలి.

వానపాము బతికినా మిగిలిపోయేవి

ఇంతవరకు చెప్పుకున్న పొరపాట్లు తమంతట తామే బయటపడతాయి. వాసన వస్తుంది, వానపాములు పాకి వస్తాయి, సరిదిద్దుకోవచ్చు. అసలు జాగ్రత్తపడాల్సింది ఏ సూచనా ఇవ్వనివాటి విషయంలో. వానపాములు నిక్షేపంగా తిరుగుతుంటాయి, ఎరువు నల్లగా, మట్టివాసనతో తయారవుతుంది, అది తోటకూర మడిలోకి, పుదీనా కుండీలోకి, అక్కడి నుంచి కంచంలోకి వస్తుంది.

పూజ పూలు ఇందుకు మంచి ఉదాహరణ. పూలు వానపాములకు ఇష్టమైన మేతే. ఆ పూలతో పాటు కుంకుమ కూడా పడుతుంది. పసుపుకొమ్ముతో ఇంట్లో చేసిన కుంకుమ అయితే చింత లేదు. బజారు సిందూరం సంగతి వేరు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూజెర్సీలోనూ, మన ముంబయి, ఢిల్లీల్లోనూ కొన్న సిందూరం నమూనాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రకటించారు. మన దేశంలో కొన్నవాటిలో 78 శాతం, అమెరికాలో కొన్నవాటిలో 83 శాతం నమూనాల్లో గ్రాముకు కనీసం ఒక మైక్రోగ్రాము సీసం ఉంది. కొన్నింటిలో అంతకంటే చాలా ఎక్కువ. సీసం కుళ్లదు, ఆవిరి కాదు. చెత్త కుళ్లి బరువు తగ్గుతున్నకొద్దీ మిగిలిన ఎరువులో సీసం పాలు పెరుగుతుంది కూడా. వానపాములు లోహాలను కొంతవరకు తమ కణజాలంలో బంధించి తట్టుకోగలవు. అందుకే అవి చావవు, మనకు తెలియదు. అమ్మకానికి పెట్టే వర్మీ కంపోస్టులో కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు హద్దు పెట్టింది. ఇంటి తొట్టెను ఎవరూ పరీక్షించరు. కాబట్టి పూలను దులిపి, కుంకుమ పడినవాటిని పక్కన పెట్టి, దండల నైలాన్ దారం, జరీ తీసేసి వేయడమే దారి. ఇల్లు ఊడ్చిన దుమ్ము, పాత రంగు పెచ్చులు, బ్యాటరీలు, ట్యూబ్‌లైటు ముక్కలు తొట్టె దగ్గరికే రానివ్వకూడదు.

ప్లాస్టిక్ ఇంకా తెలివిగా దూరుతుంది. యాపిల్ మీది స్టిక్కరు, కొత్తిమీర కట్టకు వేసిన రబ్బరు, కొన్ని రకాల టీ బ్యాగులు, మైనంలా మెరిసే పేపరు కప్పు లోపలి పొర. ఏటీఎం చీటీలు, దుకాణం బిల్లులు కాగితమే అనిపిస్తాయి గానీ, వేడితో అక్షరాలు తేలే ఆ కాగితాల పూతలో బిస్ఫినాల్ వంటి రసాయనాలుంటాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మేతలో సూక్ష్మ ప్లాస్టిక్ బాగా ఎక్కువైనప్పుడు నేల వానపాముల ఎదుగుదల తగ్గి, మరణాలు పెరిగాయి. ‘కంపోస్టబుల్’ అని రాసి ఉన్న సంచుల విషయంలోనూ మోసపోకూడదు. వాటికి వర్తించే ఐఎస్ 17088 ప్రమాణం పారిశ్రామిక కంపోస్టింగ్ వేడిని దృష్టిలో పెట్టుకున్నది. వానపాములు బతికే తొట్టెలో ఆ వేడి ఎన్నటికీ రాదు, రాకూడదు.

ఆ వేడి లేకపోవడం వల్లే కుక్క, పిల్లి మలం, పిల్లల డైపర్లు కూడా నిషిద్ధం. వానపాముల చర్యతో కొన్ని రోగకారక బ్యాక్టీరియా తగ్గుతాయని పరిశోధనల్లో కనిపించింది. ఇంటి తొట్టెలో అది పూర్తిగా జరుగుతుందన్న హామీ మాత్రం లేదు. పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి తడి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. గర్భిణులకు అది సోకితే గర్భస్థ శిశువుకు ముప్పు. తెగులు సోకిన టమాటా మొక్కలు, గింజకట్టిన కలుపు కూడా ఇదే కోవలోకి వస్తాయి. టమాటా గింజలు తొట్టెలోంచి క్షేమంగా బయటపడి కుండీలో మొలకెత్తడం చాలామందికి అనుభవమే.

ప్రయోగశాలలోని జీవి

ఐసీనియా ఫెటిడాకు మరో ఉద్యోగం కూడా ఉంది. కొత్త పురుగుమందు నేలలోని జీవులకు ఎంత ప్రమాదమో తేల్చడానికి ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1984లో నిర్దేశించిన 14 రోజుల పరీక్షలో వాడేది ఈ వానపామునే. సంతానోత్పత్తిపై ప్రభావాన్ని చూసే మరో పరీక్షలో, ప్రయోగం సరిగా జరుగుతోందో లేదో చూసుకోవడానికి తెలిసిన విషాన్ని వానపాములకు ఇచ్చి చూస్తారు. అందుకు ఎంచుకున్న రసాయనాల్లో ఒకటి కార్బెండజిమ్. మన వరి, మిరప, మామిడి రైతులకు బాగా తెలిసిన తెగుళ్ల మందు. కిలో మట్టిలో కొన్ని మిల్లీగ్రాములున్నా వానపాములకు చాలు.

కార్బెండజిమ్ కుటుంబం పేరు బెంజిమిడజోల్. ఏటా ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం సందర్భంగా బడిపిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర కూడా ఆ కుటుంబంలోదే. కణంలోని ట్యూబ్యులిన్ అనే మాంసకృత్తికి అంటుకుని పనిచేయడం వీటి పద్ధతి. నులిపురుగులు, వానపాములు జీవశాస్త్రపరంగా దగ్గరి చుట్టాలేమీ కావు. అయినా గడువు తీరిన మాత్రలు తొట్టెలో వేయకపోవడం, పశువులకు పురుగుల మందు తాగించిన కొత్తలో వచ్చే పేడను కొన్నాళ్లు పక్కన పెట్టడం వివేకం. బజారులో కొన్న అరటి తొక్కకు ఇంతగా భయపడనక్కరలేదు, కడిగి వేస్తే సరిపోతుంది. మందు కొట్టిన పూలమొక్కల కత్తిరింపులు, మిగిలిన మందు నీళ్లు, స్ప్రేయరు కడిగిన నీళ్లు మాత్రం తొట్టెకు ప్రాణాంతకం.

చీమలు పడుతున్నాయని తొట్టె చుట్టూ చీమల చాక్ గీయడం, బొద్దింకలకు కలరా ఉండలు పెట్టడం కూడా జరుగుతుంటుంది. చాక్‌లో ఉండేవి పైరెత్రాయిడ్ తరహా పురుగుమందులు. చీమలు పట్టాయంటే తొట్టె ఎండిపోయిందనే ఎక్కువసార్లు అర్థం. కాస్త నీరు చిలకరించి, స్టాండు కాళ్ల కింద పాతకాలపు పాల అలమరకు పెట్టినట్టు నీటి గిన్నెలు పెడితే సరిపోతుంది.

ఏదైనా వస్తువు గురించి ఎటూ తేలకపోతే వానపాములనే అడగవచ్చు. ప్రయోగశాలల్లో దీనికీ ఒక అంతర్జాతీయ ప్రమాణ పద్ధతి ఉంది. పెట్టెలో సగం మంచి మట్టి, సగం అనుమానపు మట్టి నింపి, మధ్యలో వానపాములను వదిలి, 48 గంటల తర్వాత ఎటువైపు ఎన్ని ఉన్నాయో లెక్కిస్తారు. ఇంట్లో అంత హంగు అక్కరలేదు. కొత్త పదార్థాన్ని తొట్టెలో ఒకే మూల, గుప్పెడు మాత్రమే పాతిపెట్టి రెండు రోజులాగి తవ్వి చూడాలి. అక్కడ వానపాములు మూగి ఉంటే సరే. ఆ మూల ఖాళీగా ఉంటే తీసేయాలి. ఈ పరీక్ష ఘాటును, ఉప్పును, పులుపును పట్టిస్తుంది. సీసాన్నీ ప్లాస్టిక్‌నూ పట్టించదు.

అప్పటికే పొరపాటు జరిగిపోయి వానపాములు గోడలెక్కుతుంటే ముందు వేసినదాన్ని చేతికి దొరికినంత తీసేయాలి. ఒక పక్క పదార్థాన్ని ఖాళీ చేసి, అక్కడ తడిపి పిండిన కొబ్బరి పొట్టు, పాత పేడ, ఎండుటాకులు నింపితే అవి తలదాచుకోవడానికి చోటు దొరుకుతుంది. పిడికిట్లో పిండితే రెండు మూడు చుక్కలు కారేంత తడి చాలు. వానపాములు వెలుతురును భరించలేవు కాబట్టి రెండు రాత్రులు మూత తీసి, పైన బల్బు వెలిగించి ఉంచితే బయటికి రాకుండా లోపలే ఉంటాయి. వారం పాటు మేత వేయకూడదు. ఆ తర్వాత కూడా ఎంత వేస్తున్నామో చూసుకోవాలి. పరిస్థితులు బాగుంటే వానపాములు రోజుకు తమ బరువులో సగం వరకు తింటాయి, ఇబ్బందిలో ఉన్నవి అందులో నాలుగో వంతు తిన్నా గొప్పే.

ఒక్కటీ మిగల్లేదనిపించినా తొట్టెలోని ఎరువును వెంటనే పారబోయకూడదు. అందులో నిమ్మకాయ ఆకారంలో, ఆవగింజ కంటే కాస్త పెద్దగా, పసుపు గోధుమ రంగు గుళికలు కనిపించవచ్చు. అవి వానపాముల గుడ్ల కోశాలు. పెద్ద వానపాములు తట్టుకోలేని పరిస్థితుల్లోనూ ఇవి కొంతకాలం నిలుస్తాయి. చెడిన పదార్థం తీసేసి, తడి ఆరకుండా చూస్తే మూడు నాలుగు వారాల్లో ఒక్కో ఐసీనియా కోశం నుంచి సాధారణంగా రెండు మూడు పిల్లలు, తెల్లటి నూలుపోగు ముక్కల్లా బయటికి వస్తాయి.